కురుదేశంలో స్మృతి, ఇందిరాపురంలో స్మార్ట్‌ఫోన్

మజ్ఝిమనికాయంలోని సతిపట్ఠాన సుత్తమూ, దీఘనికాయంలోని మహాసతిపట్ఠాన సుత్తమూ ఒకేచోట ఉపదేశించినవని ఆ సుత్తాల ఆరంభవాక్యాలే చెబుతాయి. ఆ చోటు కురుదేశంలోని కమ్మాసదమ్మమనే నిగమం. ఇంత గంభీరమైన ఉపదేశం రాజగృహంలోనో, శ్రావస్తిలోనో కాక ఈ పశ్చిమ సరిహద్దు జనపదంలో ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు అట్ఠకథ ఆసక్తికరమైన సమాధానం ఇస్తుంది. కురుదేశంలో ఋతువులు అనుకూలమైనవి, జనులు దేహంలోనూ చిత్తంలోనూ ఆరోగ్యవంతులు, అందుచేత గంభీరమైన ధర్మాన్ని గ్రహించగలవారు అని మొదట చెప్పి, ఆపైన అక్కడి నిత్యజీవితాన్ని వర్ణిస్తుంది. దాసులు, పనివారు సైతం స్మృతిని గురించే మాట్లాడుకునేవారట. నీళ్ల రేవులోనూ, నూలు వడికే చోటనూ వ్యర్థప్రసంగం సాగేది కాదట. ఏ స్మృత్యుపస్థానాన్ని అభ్యసిస్తున్నావమ్మా అని ఒక స్త్రీని అడిగినప్పుడు ఏదీ లేదని ఆమె బదులిస్తే, బ్రతికి ఉండీ చచ్చినదానితో సమానమని మందలించేవారట. భిక్షుణుల ఆశ్రమంలో పెరిగిన బుద్ధరక్ఖిత అనే చిలుక సైతం అస్థిభావన చేసిందన్న కథ ఈ సందర్భంలోనే వస్తుంది. డేగ ఎత్తుకుపోతుండగా దానికి కలిగిన ఆలోచన ఒక్కటే: ఎముకల గూడు ఎముకల గూటిని పట్టుకుపోతున్నదని.

ఈ వర్ణనను చరిత్రగా స్వీకరించనవసరం లేదు. అట్ఠకథాకారుని కాలానికి కురుదేశం ఒక ఆదర్శ స్మృతిగా మారిపోయి ఉండవచ్చు. అయినా ఈ కథనంలో ఒక మౌలికమైన గ్రహింపు ఉంది. స్మృతి అనేది ఏకాంతంలో కూర్చున్న వ్యక్తి సొంత గుణం మాత్రమే కాదు. రేవు, రాట్నం, పనిపాటలు, ఇరుగుపొరుగు పలకరింపు, ఇవన్నీ కలిసి దానిని నిలబెడతాయి లేదా చెదరగొడతాయి. స్మార్ట్‌ఫోన్‌పై నేటి సమాజం ఆధారపడిన తీరును అర్థం చేసుకోవడానికి ఇంతకన్న అనువైన ప్రవేశద్వారం దొరకడం కష్టం.

ప్రాచీన కురుజనపదం నేటి కురుక్షేత్రం, ఢిల్లీ, మీరట్ ప్రాంతాలను ఆవరించి ఉండేదని సాధారణాభిప్రాయం. 1966లో దక్షిణ ఢిల్లీలోని బహాపుర్ వద్ద అశోకుని లఘుశిలాశాసనం వెలుగుచూసింది; ఫిరోజ్‌షా తుగ్లక్ ఢిల్లీకి తరలించిన అశోకస్తంభాలలో ఒకటి మీరట్ నుండి వచ్చినదే. ఈ రెండు స్థలాల నడుమ, యమునకూ హిండన్ నదికీ మధ్యనున్న నేలలో ఇందిరాపురం ఉంది. పరిపాలన దృష్ట్యా అది ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ జిల్లాకు చెందినది; గాజియాబాద్ అభివృద్ధి సంస్థ రూపొందించిన నివాసప్రాంతం. దాని విభాగాల పేర్లు అహింసా ఖండ్, అభయ్ ఖండ్, నీతి ఖండ్, న్యాయ్ ఖండ్, జ్ఞాన్ ఖండ్, శక్తి ఖండ్, వైభవ్ ఖండ్. చిరునామాలోనే ఇన్ని సద్గుణాలున్న నగరభాగం మరొకటి అరుదు. నోయిడాలోనూ ఢిల్లీలోనూ ఉద్యోగాలు చేసే కుటుంబాలు, వాటిలో తెలుగు కుటుంబాలు కూడా, ఇక్కడి బహుళ అంతస్తుల భవనాలలో నివసిస్తున్నాయి.

ఇటువంటి చోట ఒక రోజు ఎలా గడుస్తుందో గమనిస్తే, ‘ఫోన్ వ్యసనం’ అన్న ఒక్క మాటతో విషయం తేలదని తెలుస్తుంది. పాలవాడు వచ్చినా, బంధువు వచ్చినా, పనిమనిషి వచ్చినా ప్రవేశద్వారం దగ్గర కాపలాదారు తన ఫోన్‌లో నమోదు చేస్తాడు. ఇంట్లోనివారు తమ ఫోన్‌లో అనుమతిస్తేనే లిఫ్ట్ దాకా రానిస్తారు. కూరగాయలు నిమిషాలలో ఇంటికి చేరుతాయి. వీధిచివర కొబ్బరిబోండాల బండిమీద చిల్లర బదులు క్యూఆర్ కోడ్ ఉంటుంది. పిల్లవాడి హోమ్‌వర్క్ తరగతి వాట్సాప్ గ్రూప్‌లో వస్తుంది. శీతకాలమైతే బయటికి వెళ్లవచ్చునా లేదా అన్నది కాలుష్యసూచికను చూపే యాప్ నిర్ణయిస్తుంది. రాత్రికి గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఉన్న అమ్మమ్మ ముఖం ఆ ఐదారు అంగుళాల తెరమీదే కనిపిస్తుంది. ఇవేవీ విలాసాలు కావు. 2016లో యూపీఐ చెల్లింపుల వ్యవస్థ మొదలైంది. అదే సంవత్సరం సెప్టెంబరులో జియో ప్రవేశంతో మొబైల్ డేటా ధరలు కూలిపోయాయి. ఆ తరువాతి దశాబ్దంలో ఫోన్ సౌకర్యం స్థానం నుండి సదుపాయాల స్థానానికి, అంటే నీరు, విద్యుత్తు వరుసలోకి చేరింది.

కాబట్టి ఆధారపడటం వేరు, వ్యసనం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుండి అమలులోకి తెచ్చిన రోగవర్గీకరణ పదకొండవ కూర్పులో డిజిటల్ ఆటల వ్యసనానికి చోటు దొరికింది. ‘స్మార్ట్‌ఫోన్ వ్యసనం’ అన్న పేరుతో ప్రత్యేకమైన రుగ్మత అందులో లేదు. ఆటల వ్యసనాన్ని నిర్ణయించే లక్షణాలు మూడు: అదుపు తప్పడం, మిగిలిన పనులన్నిటికన్నా దానికే ప్రాధాన్యం పెరగడం, హాని కళ్లముందు కనిపిస్తున్నా కొనసాగించడం. సాధారణంగా ఈ స్థితి ఏడాదిపాటు నిలిచి, కుటుంబజీవితాన్నో చదువునో ఉద్యోగాన్నో గణనీయంగా దెబ్బతీసినప్పుడే వైద్యులు దానిని రుగ్మతగా పరిగణిస్తారు. ఎన్ని గంటలన్నది ప్రమాణం కాదు, ఏమి పోయిందన్నదే ప్రమాణం.

ఇక్కడ పాలి పదప్రయోగం ఒకటి స్మరించదగినది. తెలుగులో వ్యసనమంటే వదలలేని దురలవాటు. సప్తవ్యసనాల పరిగణన మనకు పరిచితమే. పాలిలో ‘బ్యసన’మంటే నష్టం, వినాశం. జ్ఞాతి, భోగ, రోగ, శీల, దృష్టి అనే ఐదు పేర్లతో పిటకం ఆ వినాశాలను చెబుతుంది: బంధువుల నష్టం, సంపద నష్టం, రోగం వల్ల కలిగే నష్టం, శీలహాని, సమ్యగ్దృష్టికి కలిగే చేటు. ఆధునిక వైద్యుడు అడిగే ప్రశ్న ఈ పాలి అర్థానికే దగ్గరగా ఉంది. రోజుకు ఆరు గంటలు ఫోన్‌లో లిపిపట్టికలు పోల్చే శాసనపరిశోధకుడికి వ్యసనం లేకపోవచ్చు. అరగంట మాత్రమే చూసినా, ఆ అరగంట ప్రతిరాత్రీ నిద్రపోవలసిన బిడ్డను ఒంటరిగా వదిలి చూసేదైతే అక్కడ నష్టం మొదలైనట్లే.

అదుపు ఎందుకు తప్పుతుంది? 1957లో ఫెర్‌స్టర్, స్కిన్నర్ ప్రచురించిన బృహద్గ్రంథం పావురాలపై జరిపిన ప్రయోగాలను వివరిస్తుంది. ముక్కుతో మీటను పొడిచిన ప్రతిసారీ గింజ దొరికితే పావురం ఆకలి తీరగానే ఆగుతుంది. ఎన్నోసారికి దొరుకుతుందో తెలియకుండా చేస్తే మాత్రం అలుపులేకుండా పొడుస్తూనే ఉంటుంది. గింజలు ఆగిపోయిన తరువాత కూడా చాలాసేపు మానదు. జూదశాలలోని యంత్రం పనిచేసేది ఈ సూత్రం మీదనే. ఫోన్ తెరను కిందికి లాగి వదలడం ఆ మీటను పోలిన చేష్ట. కొత్త సందేశం ఉండవచ్చు, లేకపోవచ్చు. ఆ ‘ఉండవచ్చు’ అన్నదే కట్టిపడేస్తుంది. 2006లో అజా రాస్కిన్ అనే రూపకర్త అంతులేని స్క్రోల్ పద్ధతిని తయారుచేశాడు. దాని పర్యవసానాలను గురించి ఆయనే తరువాత బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు. పుస్తకంలో పుట చివర ఒక ఆగే చోటు ఉంటుంది, పత్రిక అయిపోతుంది, ఉత్తరానికి సంతకం ఉంటుంది. అంతులేని తెరకు ఆ ఆగే చోటు లేదు.

మెదడు రసాయనాల గురించి ప్రచారంలో ఉన్న ఒక సరళీకరణను ఇక్కడ సరిదిద్దుకోవాలి. డోపమైన్ ‘ఆనంద రసాయనం’ అనీ, ఫోన్ దానిని స్రవింపజేస్తుందనీ తరచు చెబుతారు. వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ తదితరుల పరిశోధనలు చూపినది మరొకటి: ఊహించని లాభం ఎదురైనప్పుడు డోపమైన్ కణాలు ఉత్తేజితమవుతాయి; ఊహించినదే జరిగితే అంతగా స్పందించవు; ఊహించినది దక్కకపోతే మందగిస్తాయి. మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ 1993 నుండి ప్రతిపాదిస్తూ వచ్చిన సిద్ధాంతం ఇంకా ముందుకు వెళుతుంది. కోరడం, ఆస్వాదించడం అనే రెండు ప్రక్రియలకు మెదడులో వేర్వేరు వ్యవస్థలున్నాయనీ, వ్యసనంలో కోరిక పెరుగుతూ పోయినా ఆస్వాదన పెరగదనీ, ఒక్కొక్కప్పుడు తగ్గుతుందనీ వారి వాదం. అర్ధరాత్రి దాటాక రీల్స్ చూస్తున్న మనిషి ముఖంలో సంతోషం వెదికినా కనిపించకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

ప్రతీత్యసముత్పాదంలో వేదన, తృష్ణ వేర్వేరు అంగాలుగా నిలిచిన సంగతి తెలిసినవారికి ఈ విభజన కొత్తగా అనిపించదు. సుఖవేదన అంతటితో తృష్ణ కాదు. రెండింటి నడుమ ఒక సంధి ఉంది. సాధన అంతా ఆ సంధిలోనే. అయితే ఈ పోలికను అతిగా సాగదీయడం సరికాదు. టచ్‌స్క్రీన్‌ను చూసి ‘స్పర్శప్రత్యయా వేదన’ అని చమత్కరించే ఉపన్యాసాలు ఈమధ్య వినిపిస్తున్నాయి. పాలిలో ఫస్సమంటే వేలి తాకిడి కాదు. ఇంద్రియం, విషయం, విజ్ఞానం ఈ మూడింటి కలయిక. ప్రాచీన విశ్లేషణ ఆధునిక యంత్రాన్ని ముందే చూసిందని చెప్పుకోనక్కరలేదు. రెండూ ఒకే మనస్సును పరిశీలించడం వల్ల కొన్ని చోట్ల కలుసుకున్నాయి, అంతే.

‘సతి’ అనే పదానికి మొదటి అర్థం జ్ఞాపకం. ఎరుక అన్న అర్థం దానితో పెనవేసుకున్నది. ఫోన్ ఈ రెండింటినీ తాకుతుంది. ఎరుక విషయానికి వస్తే, 2017లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏడ్రియన్ వార్డ్ బృందం ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. ఫోన్‌ను బల్లమీద పెట్టుకున్నవారికన్నా వేరే గదిలో ఉంచినవారు మేధాపరీక్షలో మెరుగ్గా రాణించారు. ఫోన్ మోగకపోయినా, దానిని తాకకపోయినా ఫలితం అదే. తరువాత ఇతరులు చేసిన ప్రయోగాలన్నీ ఆ ఫలితాన్ని సమర్థించలేదు. అందుచేత దానిని సూచనగా గ్రహించాలి కాని నిరూపణగా కాదు.

జ్ఞాపకం విషయంలో వారసత్వ పరిశోధకులకు నేరుగా వర్తించే అధ్యయనం ఒకటి ఉంది. లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన ఆ అధ్యయనంలో కొందరిని ఒక కళాసంగ్రహాలయానికి తీసుకువెళ్లి, కొన్ని వస్తువులను ఊరకే చూడమన్నారు, కొన్నింటిని ఫోటో తీయమన్నారు. మరునాడు పరీక్షిస్తే, ఫోటో తీసిన వస్తువులు, వాటి వివరాలు తక్కువగా గుర్తున్నాయి. కెమెరా చూసింది గనుక కన్ను చూడనక్కరలేదని మనస్సు ఊరుకున్నదన్నమాట. కాని మరొక ప్రయోగంలో, వస్తువులోని ఏదో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినవారి జ్ఞాపకం తగ్గలేదు. ఆ భాగమే కాదు, తీయని భాగాలు కూడా వారికి గుర్తున్నాయి. ఇందిరాపురం నుండి మెట్రోలో గంటలోపు చేరగల ఢిల్లీ జాతీయ సంగ్రహాలయంలో పిప్రహ్వా ధాతువులు, నాగార్జునకొండ శిల్పాలు ఉన్నాయి. అక్కడ ఫలకం ముందు నిలిచి ఒక్క ఫోటో తీసుకుని కదిలిపోయే పరిశోధకుడు ఇంటికి తీసుకువెళ్లేది బిందువుల సమూహాన్ని మాత్రమే. ఏ అంచున లత మలుపు తిరిగిందో, ఏ అక్షరం తలకట్టు అరిగిందో వెదికి ఆ భాగాన్ని తీసినవాడు ఫలకాన్ని చూసినట్లు. శాసనానికి తడికాగితం అద్ది కుంచెతో కొట్టి అచ్చు తీసే పాత పద్ధతిలో ప్రతి అక్షరం మీదుగా చేయి వెళ్లక తప్పేది కాదు. ఆ ఆలస్యానికి విలువ ఉండేది. ఆధునిక ఛాయాచిత్రణ వల్ల శిలకు హాని తగ్గిందన్నది నిజమే, అది చిన్న లాభం కాదు.

పిల్లల విషయంలో ఇందిరాపురానికి ఒక ప్రత్యేక పరిస్థితి ఉంది. 2020 మార్చి లాక్‌డౌన్‌తో దేశమంతటా తరగతిగది ఫోన్‌లోకి వచ్చింది. చాలాచోట్ల తిరిగి వెళ్లిపోయింది. రాజధాని ప్రాంతంలో అది శీతకాలపు అతిథిగా మిగిలింది. 2024 నవంబరులో వాయుకాలుష్యం తీవ్రస్థాయి దాటి నియంత్రణ ప్రణాళికలోని నాలుగవ దశ అమలైనప్పుడు గాజియాబాద్ పాఠశాలలు కూడా తరగతులను ఆన్‌లైన్‌కు మార్చాయి. ఆ రోజులలో పార్కుకు పంపడం ప్రమాదం, ఫోన్ ఇవ్వక తప్పదు. తెర తగ్గించండి, బయట ఆడించండి అని వైద్యులు చెప్పే మాట ఏడాదిలో అత్యవసరమైన రోజులలోనే ఆచరణకు అందదు. పిల్లలలో హ్రస్వదృష్టి పెరగడానికి పగటి వెలుగులో గడిపే సమయం తగ్గడం ఒక ముఖ్యకారణమని నేత్రవైద్యులు గుర్తించారు. కాబట్టి ఈ ప్రాంతపు బిడ్డ కంటిచూపును ఫోన్ ఒక్కటే నిర్ణయించదు, పొగ కూడా నిర్ణయిస్తుంది. తల్లిదండ్రులను మాత్రమే నిందించే వ్యాసాలు ఈ సంగతిని విస్మరిస్తాయి.

గ్రామీణ భారతంలో చేసిన అసర్ 2024 సర్వే ప్రకారం 14 నుండి 16 ఏళ్ల వయసువారిలో 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవారు. సర్వేకు ముందు వారంలో దానిని చదువుకు సంబంధించిన పనికి వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. నగరాలు ఈ లెక్కలోకి రావు. అయినా పల్లెలోనే ఇలా ఉంటే బహుళ అంతస్తుల భవనంలో ఎలా ఉంటుందో ఊహించవచ్చు. ఐదేళ్లలోపు పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది: ఏడాది నిండని శిశువుకు తెర అసలు వద్దు, రెండు నుండి నాలుగేళ్ల వయసులో గంటకు మించవద్దు. చందమామను చూపి గోరుముద్దలు తినిపించే పద్ధతి పోయి, తెర చూపితే తప్ప నోరు తెరవని పిల్లలు తయారయ్యారన్న ఫిర్యాదు ఇళ్లలో తరచు వినిపిస్తుంది. చందమామ కూడా ఒక ఏమరుపే కదా అని ఎవరైనా అడగవచ్చు. తేడా ఏమిటంటే, చందమామను చూపించేటప్పుడు తల్లి మాట్లాడుతూనే ఉండాలి.

దూరదేశపు తెలుగు కుటుంబానికి ఫోన్ చేసే మేలు కూడా ఇక్కడే చెప్పాలి. హిందీ, ఇంగ్లీషు నడుమ పెరిగే బిడ్డకు తెలుగు వినిపించే గొంతులు చాలాసార్లు ఆ తెరలోనివే. జ్ఞాతిబ్యసనాన్ని కలిగించే సాధనమే దానిని నివారించే సాధనం కూడా కావడం ఈ వస్తువులోని చిక్కు. ఒకే గదిలో కూర్చున్న నలుగురిని విడదీస్తుంది, పదిహేనువందల కిలోమీటర్ల అవతలి ముసలి తల్లిని దగ్గర చేస్తుంది.

అట్ఠకథ కురుదేశాన్ని వర్ణిస్తూ దాసులనూ పనివారినీ విడిచిపెట్టలేదు. నేటి చర్చలు చాలావరకు విడిచిపెడుతున్నాయి. ఇందిరాపురంలో కూరలు, మందులు మోసుకొచ్చే యువకుడికి ఫోన్ పక్కన పెట్టే స్వేచ్ఛ లేదు. అతని తరువాతి పని, దారి, కూలి, వినియోగదారు ఇచ్చే నక్షత్రాలు అన్నీ అందులోనే ఉన్నాయి. బైకు నడుపుతూ హ్యాండిల్‌కు బిగించిన తెరవైపు చూడటం అతని బలహీనత కాదు, పని షరతు. పనిమనిషి వచ్చిన వేళ, పోయిన వేళ గేటు యాప్‌లో నమోదవుతాయి. పై అంతస్తులో ఒకరు ‘డిజిటల్ ఉపవాసం’ పాటిస్తూ ఒక్క పూట ఫోన్ ఆపేస్తే, ఆ పూట పార్సెల్ పట్టుకుని కింద నిలబడేది మరొకరు. ఈ ఆధారపడటాన్ని వ్యక్తి మనోబలం సమస్యగా మాత్రమే చూసేవారు ఎవరి మనోబలం గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోవాలి.

భిక్షువులకూ ఈ చిక్కు తప్పలేదు. ఇగత్‌పురిలోని విపశ్యనా పరిశోధన సంస్థ డిజిటల్ రూపంలోకి తెచ్చిన ఛట్ఠసంగాయన తిపిటకం తెలుగు లిపిలోనూ లభిస్తున్నది. పూర్వం ఒక గది నిండా అలమరలు కావలసిన పాఠం జోలెలో పడుతుంది. అదే పరికరం డబ్బుసంచి కూడా. బంగారు వెండి నాణేలను స్వీకరించరాదన్న వినయ నియమం యూపీఐ ఉన్న ఫోన్‌కు ఎలా వర్తిస్తుందన్నది హాస్యానికి అడిగే ప్రశ్న కాదు. ఇక సుత్తం చదువుతుండగా తెరపై అంచున వచ్చిపడే ప్రకటన ఉంది. తాళపత్రానికి ఆ గుణం లేదు. అది చదివేవాడిని పిలవదు.

పరిష్కారాల విషయంలో రెండు నమూనాలు పరిశీలించదగినవి. ఒకటి పూర్తిగా దూరంగా ఉండటం. హర్యానాలోని సోనీపత్ దగ్గర కమ్మాస్‌పుర్ గ్రామంలో ధమ్మ పట్ఠాన అనే విపశ్యనా కేంద్రం ఉంది. ఆ గ్రామనామంలో కమ్మాసదమ్మం జాడ ఉన్నదని భావించేవారు ఉన్నారు. పదిరోజుల శిబిరంలో చేరేవారు మొదటే ఫోన్‌ను అప్పగించాలి. సాధనకు అది అవసరమైన ఏర్పాటు. అయితే పదకొండవ రోజు సాధకుడు తిరిగి వచ్చేది గేటు దాటడానికే ఫోన్ కావలసిన చోటికి. రెండవ నమూనా మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్గావ్ అనే పల్లెది. 2022 ఆగస్టు నుండి అక్కడ సాయంత్రం ఏడు గంటలకు గుడిమీది సైరన్ మోగుతుంది. ఎనిమిదిన్నర దాకా టీవీ, ఫోన్ కట్టిపెట్టి పిల్లలు చదువుకుంటారు, పెద్దలు పుస్తకమో మాటో పట్టుకుంటారు. లాక్‌డౌన్ తరువాత పిల్లలు ఫోన్‌కు అతుక్కుపోయారన్న ఆందోళనే దీనికి మూలం. ఈ ఏర్పాటు బలం మనోనిగ్రహంలో లేదు, అందరూ ఒకేసారి ఆపడంలో ఉంది. ఊరంతా ఆపినప్పుడు, ఆపినందువల్ల ఎవరికీ ఏదీ తప్పిపోదు. వేల కుటుంబాలున్న ఇందిరాపురంలో సైరన్ పనిచేస్తుందని నమ్మడం కష్టమే. ఒక్కొక్క భవనసముదాయపు నివాసుల సంఘం మాత్రం పల్లె పరిమాణమే. రాత్రి నిర్ణీత వేళ తరువాత గ్రూప్‌లో సందేశాలు పెట్టరాదని, పార్సెళ్లను గేటు దగ్గరే అలమరలో ఉంచవచ్చునని నిర్ణయించుకునే అధికారం దానికి ఉంది. పాఠశాల కూడా హోమ్‌వర్క్‌ను డైరీలో రాయించగలదు.

ఇంట్లో చేయగలిగినవి పెద్ద విషయాలేమీ కావు. నోటిఫికేషన్లలో మనిషి పంపినవాటిని ఉంచి యంత్రం పంపేవాటిని ఆపివేయడం, పడకగదిలోకి ఫోన్ బదులు అలారం గడియారం తేవడం, సుత్తపాఠానికి ఇంటర్నెట్ లేని పరికరాన్నో అచ్చుపుస్తకాన్నో వాడటం వంటివి. నిద్ర విషయంలో తెర వెలుగును అందరూ నిందిస్తారు. 2015లో వెలువడిన ఒక ప్రయోగశాల అధ్యయనంలో వెలుగునిచ్చే తెరపై చదివినవారికి అచ్చుపుస్తకం చదివినవారికన్నా నిద్రపట్టడం పదినిమిషాల మేరకు మాత్రమే ఆలస్యమైంది. రాత్రి పోయే రెండు గంటల నిద్రకు వెలుగు కన్నా ఆగే చోటు లేని ఆ తెరే ఎక్కువ బాధ్యత వహించాలి.

హాని స్పష్టంగా కనబడుతూ అదుపు తప్పిన సందర్భాలలో ఈ ఉపాయాలు చాలవు, వైద్యసహాయం కావాలి. బెంగళూరులోని నిమ్హాన్స్ 2014లో సాంకేతిక సాధనాల ఆరోగ్యకరమైన వినియోగం కోసం ప్రత్యేక చికిత్సాలయాన్ని ఆరంభించింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ప్రవర్తనా వ్యసనాల చికిత్సాలయం 2016లో మొదలైంది. ఎయిమ్స్‌కే చెందిన జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం గాజియాబాద్‌లోనే ఉంది. మత్తుపదార్థాలకూ ప్రవర్తనలకూ సంబంధించిన చికిత్సానుభవం ఈ విధంగా ఇందిరాపురానికి సమీపంలోనే లభిస్తున్నది. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరుకు ఫోన్ చేసి ఉచితంగా పొందవచ్చు. ఆ సేవ తెలుగులోనూ అందుబాటులో ఉంది.